ఫారంలో లేని తోటకూర

మే 24

ఇవాళ తోటకూర విత్తనాలు చల్లాను. మే మూడో వారంలో వచ్చే విక్టోరియా డే దాటేవరకూ ఇక్కడి నేలను నమ్మకూడదని కెనడాలో ఈ కనాటాకు వచ్చిన మొదటి ఏడే తెలిసింది. ఇరవై తొమ్మిదేళ్లయినా మే మొదటి వారం నుంచే చేతులు ఊరుకోవు. ఈసారి మాత్రం ఆగాను. ఆగడమంటే ఏమిటో ఫిబ్రవరిలో హాస్పిటల్ కారిడార్‌లో బాగా నేర్చుకున్నాను.

ఈయన పెరటి వైపు చెక్క డెక్ మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మోకాళ్ల మీద దుప్పటి.

"వాసంతీ, సాలు వంకర పోతోంది," అన్నారు.

"ఇది మీ టెలికాం ఆఫీసు కాదు. వంకరగా మొలిచినా తింటాం," అన్నాను.

నవ్వారు. నవ్వగానే చెయ్యి ఛాతీ మీదికి పోయింది, కుట్లు వేసిన చోట ఇంకా లాగుతుందట. లాగితే లాగనీ. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వగా విన్నది ఇవాళే. దేవుడికి వెయ్యి దండాలు.

జూన్ 2

కుందేళ్లు. దిక్కుమాలిన కుందేళ్లు.

జూన్ 5

మృదుల వాళ్లాయన వచ్చి మడి చుట్టూ వల కట్టి వెళ్లాడు. వద్దన్నా వినలేదు. మృదుల రెండు వీధుల అవతల ఉంటుంది, నా కూతురి వయసు. ఫిబ్రవరిలో మూడు వారాలు రోజూ నాకు క్యారియర్ తెచ్చింది ఆ పిల్లే. ఇప్పుడు వల కూడా. ఈ కుటుంబానికి నేనెంత చేసినా తక్కువే.

జూన్ 19

రెండోసారి వడ్డించుకున్నారు.

ఇది రాయడానికే పుస్తకం తీశాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఏం పెట్టినా సున్నం తిన్నట్టుందనేవారు. ఇడ్లీ సున్నం, పెరుగన్నం సున్నం, మా అమ్మాయి నీరజ మిల్టన్ నుంచి తెచ్చిన మామిడిపండు కూడా సున్నమే. పన్నెండు కిలోలు తగ్గారు. ప్యాంటు జారిపోకుండా బెల్టుకి నేనే మేకుతో కొత్త చిల్లు పెట్టాను. ఇవాళ లేత తోటకూర పీకి చింతపండు పులుసు పెట్టి, వెల్లుల్లి పోపు వేసి, వేడన్నంలో కలిపి ఇచ్చాను. తల వంచుకుని తిన్నారు. అయిపోయాక తనే గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

నేను సింక్ వైపు తిరిగి నిలబడ్డాను. కళ్లనీళ్లు పెట్టుకుంటే ఈయన తినడం ఆపేస్తారని భయం.

సాయంత్రం నీరజ ఫోన్ చేసి, "అమ్మా, ఆ నంబర్ ఎంతుండాలి, మళ్లీ చెప్పు," అంది. ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతుంది. నాన్నకి గుండెలో పెట్టింది లోహపు వాల్వు, దాని దగ్గర రక్తం గడ్డ కట్టకుండా పలచబరిచే మందు ఇక జీవితాంతం వెయ్యాలి. మరీ పలచనైతే రక్తం కారుతుంది, చిక్కనైతే గడ్డ కడుతుంది. అందుకే రెండు వారాలకోసారి క్లినిక్‌లో రక్తం చూసి ఆ నంబర్ చెబుతారు. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. "ఓకే ఓకే, గాట్ ఇట్," అంది. మళ్లీ అడుగుతుంది, చూస్తూండు.

క్లినిక్ వాళ్లు మే నెలలోనే తిండి గురించి ఒక కాగితం కూడా ఇచ్చారు. మొదటి వాక్యమే 'ఆకుకూరలతో జాగ్రత్త' అని. సొరుగులో పెట్టాను.

జూలై 10

క్లినిక్. నంబర్ 2.1 వచ్చింది, తక్కువ. మందు పెంచారు.

కూర్చున్నంతసేపట్లో ఫారం నింపాలి. ఈయన చెయ్యి వణుకుతుంది, పైగా "మందులూ మాకులూ నీ డిపార్ట్‌మెంట్," అంటారు, అందుకని నేనే నింపుతాను. ఈ వారం ఇవి తిన్నారా అని వరసగా ఉన్నాయి: పాలకూర, కేల్, లెట్యూస్, బ్రాకలీ, బ్రసెల్స్ స్ప్రౌట్స్. పక్కన గడులు. ఈ అయిదూ ఈ వేసవిలో మా గుమ్మం తొక్కలేదు. 'లేదు' అని అయిదు టిక్కులు పెట్టి ఇచ్చాను. ఉన్నమాటే రాశాను.

ఇమ్మిగ్రేషన్ అప్లికేషన్ రాస్తున్న రోజుల్లో ఈయన నా పక్కన కూర్చుని నేర్పారు: అడిగినదానికి సరిగ్గా జవాబు రాయి, అడగనిది ఒక్క ముక్క రాయకు, రాస్తే కొత్త ప్రశ్నలొస్తాయి. పెన్షన్ ఫారం దాకా అలాగే నింపాను. ఇంతవరకూ ఒక్కటీ తిరిగి రాలేదు.

కారులో అడిగారు. "ఆకుకూరల సంగతి చెప్పావా? ఏదో జాగ్రత్త అన్నారు కదా."

"చెప్పాను," అన్నాను.

క్లినిక్‌లో అన్నీ చెప్పాను.

జూలై 22

తోటకూర పప్పు. నిన్న వేపుడు. మొన్న గోంగూర. ఇప్పుడు మడి ఎంత కోసినా తరగడంలేదు. ఏ కాలంలో పండేది ఆ కాలంలో తినాలి, డెబ్బై దాటిన ఒంటికి అంతకంటే మంచిది లేదు. వేసవిలో ఆకు, చలికాలంలో గుమ్మడీ దుంపలూ పప్పులూ. ఫ్రీజర్‌లో ఆరు నెలలు పడుకున్న ఆకు నా దృష్టిలో తిండి కాదు. మృదులతో ఆ మాటంటే, "మీరు మరీ ఆంటీ," అని నవ్వింది.

నాలుగు కిలోలు పెరిగారు. మేకుతో పెట్టిన చిల్లు ఇక అక్కర్లేదు.

ఆగస్టు 14

1.9. మళ్లీ మందు పెంచారు. ఆ నర్సు మంచి పిల్ల, ఫారం చూసి తల గోక్కుంది. "డైట్‌లో ఏమీ మార్పు లేదు కదా?" అని అడిగింది. ఫారంలో అంతా ఉందన్నాను.

ఆగస్టు 15

మడిలో పని. వేరే ఏమీ లేదు.

ఆగస్టు 30

ఈయన పార్కు దాకా నడిచి, మళ్లీ నడిచి వచ్చారు. చెమట తుడుచుకుంటూ, "నీ తోటకూర ఇంజన్ నడుపుతోంది," అన్నారు. ఇలాంటి మాట అనడానికి ఈయనకి నలభై ఎనిమిదేళ్లు పట్టింది. పోనీలే, అన్నారు కదా.

సెప్టెంబర్ 24

2.8. నర్సు చప్పట్లు కొట్టింది. ఇక నెలకోసారి వస్తే చాలంది. దారిలో ఐస్‌క్రీమ్ తిన్నాం ఇద్దరం, కారులోనే.

చూశారా, ఏమీ కాలేదు. ఎవరితో అంటున్నాను ఈ మాట?

అక్టోబర్ 7

రేపు మంచు పడుతుందని హెచ్చరిక. పొద్దున్నే మొదలుపెట్టి గోంగూర, తోటకూర మొత్తం కోసేశాను. ప్రతి ఏడూ ఇంతే. ఈ రోజు ఊళ్లో మన వాళ్ల కార్లన్నీ ఆకుకూర సంచులతో తిరుగుతుంటాయి. ఒకళ్ల గోంగూర ఇంకొకళ్లింటికి, వాళ్ల మెంతికూర మరొకళ్లింటికి. పదకొండు సంచులు పంచాను. మృదుల మూడు తీసుకుంది. కడిగి, ఉడకబెట్టి, డబ్బాల్లో ఫ్రీజ్ చేస్తుందట.

"నీ ఇష్టం తల్లీ. చలికాలంలో దాన్ని ఏమంటారో కూడా గుర్తుపట్టలేవు," అన్నాను.

మాకని ఒక్క పూటకే ఉంచుకున్నాను. చివరి పులుసు. ఇద్దరం గిన్నె తుడుచుకు తిన్నాం.

అక్టోబర్ 13

థాంక్స్‌గివింగ్. నీరజ వాళ్లు మిల్టన్ నుంచి వచ్చారు. గుమ్మడికాయ పులుసు, చిలగడదుంప వేపుడు, కందిపప్పు, పిల్లల కోసం కోడిని ఓవెన్‌లో పెట్టాను. తినేముందు ఒక్కొక్కళ్లు దేనికి థాంక్‌ఫుల్‌గా ఉన్నారో చెప్పాలని మనవరాలి పట్టు. దాని వంతు కుక్కపిల్ల. నీరజ వంతు కొత్త ఉద్యోగం.

ఈయన వంతు వచ్చింది. "డాక్టర్లు నన్ను ఫిబ్రవరిలో బతికించారు. జూన్ నుంచి బతికిస్తున్నది మీ అమ్మమ్మ వంట," అన్నారు.

అందరూ నా వైపు చూశారు. నేను కూర వడ్డిస్తూ ఉండిపోయాను.

అక్టోబర్ 18

ముంజేతి మీద నల్లగా కమిలింది. అరచెయ్యంత ఉంది. తలుపు తగిలిందట. పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం. బ్రష్ గట్టిదేమో. కొత్తది తెచ్చాను, మెత్తటిది.

అక్టోబర్ 20

తొడ మీద కూడా.

బుధవారం ఎలాగూ క్లినిక్ ఉంది.

అక్టోబర్ 22

పొద్దున తొమ్మిదింటికి ఉప్మా తింటుండగా ముక్కు నుంచి రక్తం మొదలైంది. ఇరవై నిమిషాలు పట్టుకున్నా ఆగలేదు. మూడు టవళ్లు. ఈయన, "ఏం కాదులే," అంటూనే ఉన్నారు, ఆ మాటలో కూడా రక్తం. 911కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించాను.

ఎమర్జెన్సీలో నంబర్ ఏడు దాటింది.

తల లోపల రక్తం రాలేదని స్కాన్ చేసి చెప్పారు. ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చోగలిగాను. మందు ఆపేశారు. ఒక విటమిన్ ఇచ్చారు, కె విటమిన్. రక్తం మళ్లీ చిక్కబడడానికట. ఎక్కడిది ఈ విటమిన్ అని ఊరికే అడిగాను. ఎక్కువగా ఆకుకూరల్లో ఉంటుంది మేడం, అన్నాడు ఆ డాక్టరబ్బాయి.

అక్టోబర్ 23

రక్తం ఆగింది. నంబర్ దిగుతోంది. దేవుడికి, డాక్టర్లకి, అంబులెన్స్ పిల్లలకి, అందరికీ దండం.

మధ్యాహ్నం డైటీషియన్ వచ్చింది. చిన్నపిల్ల, మెడలో సన్నటి సిలువ గొలుసు. మా పేరు చూసి తెలుగులో పలకరించింది.

"నమస్తే ఆంటీ, నా పేరు హోప్. తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితే మా నానమ్మ నవ్వుతుంది." నానమ్మ పేరు కృపాబాయి అట, కాకినాడ దగ్గర. "సో అంకుల్, వై డిడ్ ఇట్ గో అప్ సో ఫాస్ట్? ఫుడ్ ఏమైనా చేంజ్ అయిందా?"

ఈయన నా వైపు చెయ్యి చూపించారు. "అన్నీ ఈవిడే చూసుకుంటుంది. ఆకుకూరల సంగతి కూడా మొదటే క్లినిక్‌లో చెప్పింది. ఏదీ దాచే మనిషి కాదు."

హోప్ నా వైపు చూసింది. నేను గుమ్మడికాయ అన్నాను. ఇప్పుడు గుమ్మడికాయ ఎక్కువ తింటున్నాం అన్నాను.

రాసుకుని వెళ్లిపోయింది. రేపు మందు ఎంతో తేల్చి, ఆ తర్వాత రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారట.

అక్టోబర్ 24, ఉదయం

జూలై 10న ఈ పుస్తకంలో 'క్లినిక్‌లో అన్నీ చెప్పాను' అని రాశాను. చెప్పలేదు.

ఎవరూ చదవని పుస్తకం ఇది. ఇందులో కూడా అబద్ధం రాశాను. ఎందుకు రాశానో ఇప్పుడు రాస్తాను.

చెబితే మానమంటారని. మానితే ఈయన మళ్లీ సున్నం అంటారని. రెండోసారి వడ్డించుకున్న ఆ చెయ్యి మళ్లీ వెనక్కి పోతుందని. అంతేనా? అంతే కాదు. ఆ మడి నాది. రిటైరయ్యాక ఈ దేశంలో నేను చేసి చూపించగలిగింది అదొక్కటే. ఈయన నా వంట వల్ల లేచి తిరుగుతున్నారని అందరూ అంటుంటే నాకు ఎంత బావుందో నాకు మాత్రమే తెలుసు. ఆ ముచ్చట పోగొట్టుకోవడం ఇష్టంలేక అయిదు గడుల్లో టిక్కులు పెట్టాను.

పొద్దున సొరుగు తీసి ఆ కాగితం చూశాను. మే నెల నుంచీ మొదటి వాక్యమే గుర్తుంది నాకు. వెనక పేజీ ఇవాళ తిప్పాను. అక్కడ ఉంది: ఆకుకూరలు మానవద్దు, ఏడాది పొడుగునా రోజూ ఒకే కొలతలో తినండి, మందును దానికి తగ్గట్టు మేం సరిచేస్తాం.

అయిదు నెలలు. కాగితం తిప్పితే సరిపోయేది.

వేసవంతా ఆకు తిని నంబర్ తగ్గింది. ఎందుకో తెలియక వాళ్లు మందు పెంచారు. మంచు పడింది, ఆకు ఒక్కసారిగా ఆగింది, మందు మాత్రం పెంచినచోటే ఉంది. ఇవాళ కూడా నోరు మూసుకుంటే గుమ్మడికాయను నమ్ముకుని మందు లెక్క కడతారు. వచ్చే జూన్‌లో మళ్లీ మొదలు. ఈసారి ముక్కు కాకపోవచ్చు.

పది గంటలకి హోప్ వస్తుంది. కాగితం పర్సులో పెట్టుకున్నాను.

అక్టోబర్ 24, సాయంత్రం

చెప్పాను. ఇద్దరి ముందూ చెప్పాను. జూన్ నుంచి అక్టోబర్ ఏడు వరకూ దాదాపు రోజూ, రెండు పూటలా, తోటకూర, గోంగూర, మెంతికూర. ఫారంలో ఆ పేర్లు లేవు కాబట్టి లేదని టిక్ పెట్టానని. అడిగినా చెప్పలేదని.

హోప్ పెన్ను కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. "ఆంటీ, థాంక్యూ. సీరియస్‌గా. ఇది తెలీకపోతే డోస్ మళ్లీ తప్పే అయ్యేది," అంది. తర్వాత, "తోటకూర మా నానమ్మ బకెట్లలో పెంచుతుంది. కె విటమిన్‌లో ఇట్స్ స్ట్రాంగర్ దాన్ స్పినాచ్. కానీ ఎవరు మానమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదు," అన్నాను.

"రోజూ వండింది అర కప్పు. జూలైలో అర కప్పు, జనవరిలో అర కప్పు. ఈ రెండు నెలలూ వారం వారం రక్తం చూస్తూ మందు దానికి మ్యాచ్ చేస్తాం. మీరు ఏం తింటారో మాకు చెప్పండి చాలు."

ఇంతే. ఇంత చిన్న మాట.

ఆ పిల్ల వెళ్లాక ఈయన కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. నేను దుప్పటి అంచు మడుస్తూ కూర్చున్నాను.

"అడగనిది రాయొద్దన్న రూలు నాదే," అన్నారు చివరికి.

"మీది కాదు తప్పు," అన్నాను.

"ఫారం అడగలేదు, సరే. నేను అడిగాను కదా, వాసంతీ. కారులో."

ఏడిచాను. ఈయన ఇటు తిరిగి, సూది గుచ్చిన చేతినే జాపి నా చెయ్యి పట్టుకున్నారు. వదల్లేదు.

అక్టోబర్ 26

ఇంటికి వచ్చాం. ఇంట్లో ఆకు అన్నది లేదు. షాపులో పాలకూర తెచ్చాను, అర కప్పు కొలిచి పప్పులో వేశాను. తిన్నారు. మాటలు తక్కువ.

అక్టోబర్ 28

ఇంకా మాటలు తక్కువే.

నవంబర్ 2

మృదుల వచ్చింది. నీరజ ఫోన్‌లో అంతా చెప్పిందట. చేతిలో నా సంచే, అక్టోబర్ ఏడున నేనిచ్చిందే. లోపల చిన్న డబ్బాలు, ఒక్కో దాని మీద తేదీ, 'తోటకూర, అర కప్పు' అని ఆ పిల్ల గుండ్రటి అక్షరాలు. పెద్దవాటిలోంచి తీసి మళ్లీ కొలిచి పెట్టిందట.

"మొత్తం తెచ్చేస్తే మీకేం మిగులుతుంది?" అన్నాను.

"మాకు కేల్ ఉంది ఆంటీ, పిల్లలకి అదే ఇష్టం. గుర్తుపట్టలేనన్నారుగా, అందుకే పేర్లు రాశాను," అంది.

నా మాట నాకే తిరిగి వచ్చింది, అదీ నవ్వుతూ. ఆ పిల్లని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

నవంబర్ 9

ఈ వారంలో ఏడిళ్ల నుంచి డబ్బాలు వచ్చాయి. నేను పంచినవే కొన్ని, వాళ్ల మళ్లవి కొన్ని. ఎవరినీ అడగలేదు నేను. గ్యారేజ్‌లో చిన్న ఫ్రీజర్ కొన్నాం. ఈయన లోపల అరలు సరిచేసి, తలుపు మీద పట్టిక అంటించారు: ఏ అరలో ఏ ఆకు, ఎన్ని డబ్బాలు, మే నెలాఖరు దాకా సరిపోతాయా. సాలు వంకర లేకుండా గీశారు.

"మార్చిలో పది తక్కువ పడతాయి," అన్నారు.

"అప్పుడు పాలకూర," అన్నాను.

"అప్పుడు పాలకూర," అన్నారు. పదహారు రోజుల తర్వాత ఈయన నాతో తనంతట తానుగా మాట మొదలుపెట్టింది ఇవాళే.

డిసెంబర్ 4

ఫ్రీజర్ తోటకూర పులుసు. నేననుకున్నంత అధ్వాన్నంగా లేదు. బాగుందని మాత్రం మృదులకి ఇప్పుడే చెప్పను.

జనవరి 15

మైనస్ ఇరవై ఆరు. క్లినిక్‌కి వెళ్లడానికి కారు పదిహేను నిమిషాలు వేడెక్కాల్సి వచ్చింది. నంబర్ 2.9. హద్దులో ఉండడం వరసగా ఇది ఆరోసారి.

ఫారం మారింది. పాత అయిదు పేర్ల కింద కొత్తగా ఒక గీత వచ్చింది: 'మీ ఇంట్లో తినే ఇతర ఆకుకూరలు, ఏ పేరుతో పిలిచినా.' హోప్ క్లినిక్ వాళ్లకి రాసి మార్పించిందట. నర్సు చెప్పింది. పక్క కుర్చీలో ఒక చైనీస్ పెద్దావిడ అదే గీత మీద తన భాషలో రాసుకుంటోంది. నేనూ తెలుగులోనే మొదలుపెట్టాను, పక్కన ఇంగ్లీషు. తోటకూర, గోంగూర, మెంతికూర, కరివేపాకు పొడి. చోటు చాలక అంచుల్లోకి వెళ్లాను. తర్వాత వెనక పేజీలోకి. పండగరోజు నీరజ ఇంట్లో ఒక పూట మానేశామని కూడా రాశాను.

ఈయన కళ్లద్దాలు సవరించుకుని తొంగి చూశారు. "అడగనివి కూడా రాశావు," అన్నారు.

"రాస్తాను," అన్నాను.

ఇంటికొచ్చి పులుసు వేడిచేసి వడ్డించాను. బయట కంచె కనపడనంత మంచు, లోపల జూన్ నెల వాసన. తినేసి గిన్నె దగ్గరికి లాక్కున్నారు. నేను వెనక్కి లాక్కున్నాను.

"ఒక్క గరిటె."

"అర కప్పు అయిపోయింది."

"ఇది అర కప్పేనా? నిజంగా?"

"మీరు అడిగారు కదా," అన్నాను. "నిజమే."